గట్టు పక్క వరస

రామచంద్రన్ ఈ లోకంలో ఆఖరుగా చేసిన మామూలు పని తన టిఫిన్ డబ్బా తను కడుక్కోవడం. ఎండ ముదరకముందే మడి దగ్గర్నుంచి ఇంటికొచ్చాడు. పెరట్లో కుళాయి ముందు గొంతుక్కూర్చుని కొబ్బరిపీచుతో డబ్బాను లోపలా బయటా తోమాడు. మూత వాసన చూసి, నచ్చక, మళ్ళీ తోమి పిట్టగోడ మీద బోర్లించాడు. వేరేవాళ్ళు కడిగిన గిన్నెలో సబ్బు మిగిలిపోతుందని ఆయన అనుమానం. భార్య గోవిందమ్మాళ్ పోయినప్పటినుంచి తన కంచం, తన లోటా ఇంకొకరి చేత ముట్టనిచ్చేవాడు కాదు.

కోడలు మాలిని వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉంది. షుగరున్న మనిషి పొద్దున్నే అడిగి మరీ నిమ్మకాయ చిత్రాన్నం చేయించుకుని, డబ్బా నిండా పెట్టించుకుని పోయాడని ఆమెకు కోపం.

"అంతా తినేసినారా మామా?"

ఆయన తల ఎత్తలేదు. "డబ్బా కాలీనే గదా" అన్నాడు.

తర్వాత వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కాపీ కలిపి తెచ్చేసరికి ఆయన చెయ్యి లోటాను అందుకోలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు వచ్చి చెప్పాడు. రామచంద్రన్ బతికుంటే ఆ మాటకు కూడా ఆధారం అడిగేవాడు.

చిన్నమనూరులో ఆయన్ని వెనకాల 'సందేగ నాయక్కరు', అంటే అనుమానాల నాయుడు, అనేవాళ్ళు. ముందర అన్నా ఆయన నొచ్చుకునేవాడు కాదు. పాలు తెల్లగానే ఉన్నాయి కదా నాయుడూ అని పాలవాడు అంటే, సున్నం నీళ్ళు నల్లగా ఉంటాయా అని అడిగేవాడు. టీవీలో రేపు వాన అని చెబితే, "ఎవురు చెప్పినారు?" అనేవాడు. వాన పడితే గొడుగు విప్పేవాడే గాని, ఒప్పుకునేవాడు కాదు. కొడుకు రాజ్‌మోహన్ దీనికి సరిగ్గా ఎదురు మనిషి. కొబ్బరికాయల లారీలు పంపించే వ్యాపారం అతనిది. ఫోనుకు వచ్చిన ప్రతి వార్తనూ నమ్మి, నమ్మినంతసేపట్లోనే పదిమందికి పంపేవాడు. "నాకు రావలసిన నమ్మకం కూడా వీడే పుట్టుకతో ఎత్తుకుపోయినాడు" అని తండ్రి అనేవాడు.

మాలినిది అవినాశి. పెళ్ళికి ముందు అక్కడ ఒక అద్దకం కార్ఖానాలో నీళ్ళ పరీక్ష చేసే ఉద్యోగం చేసింది. కాపరానికి వచ్చిన కొత్తల్లో మామగారు బావి నీళ్ళు లోటాలో పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న పరీక్ష కాగితం ముంచి, మారిన రంగు చూపించి, బాగానే ఉన్నాయని చెప్పింది. ఆయన కాగితాన్ని వెలుగులో పట్టి చూశాడు. "ఇంకోసారి చెయ్యి" అన్నాడు. ఆమె విసుక్కోకుండా ఇంకోసారి చేసింది. ఆ ఇంట్లో ఆమెకు చోటు దొరికింది ఆ రెండో కాగితంతోనే. అత్తగారిని ఆమె చూడలేదు. వీళ్ళ పెళ్ళికి ముందే ఆమె పోయింది. హాల్లో ఫోటోగా మాత్రమే తెలుసు.

ఆ ఇంటి తెలుగు నోట్లో ఉన్న తెలుగు. ఎన్ని తరాల కిందట ఏ రాయల దండుతో దక్షిణానికి వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాసేది, చదివేది తమిళం. మామగారికి కళ్ళు మసకబారాక ఆ తమిళమైనా, ఇంగ్లీషైనా చదివిపెట్టే పని మాలినికి వచ్చింది.

ఆ చదువు ముదిరింది, ఆయన పోవడానికి కొన్ని నెలల ముందు, తమిళ ఐప్పసి నెలలో, మొదటి పంట కోతలప్పుడు.

కాలవ నీళ్ళు వాడుకునే రైతుల సంఘానికి రామచంద్రన్ పెద్ద. ఒక రోజు సంఘం కూటానికి ఒక ఆఫీసరు వచ్చి, తమిళంలో అచ్చేసిన చిన్న పుస్తకాలు పంచాడు. దేశమంతా భూమి వేడెక్కకుండా కాపాడే కార్యక్రమం ఒకటి ఉందని, అందులో వరి మళ్ళకు కూడా భాగం ఉందని చెప్పాడు. మడిలో నీళ్ళు నిలవుంటే బురదలోంచి ఒక గాలి పుడుతుంది, అది ఆకాశానికి చేరి వేడిని పట్టి ఉంచుతుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్ళీ తడిపితే ఆ గాలి తగ్గుతుంది, నీళ్ళు మిగులుతాయి, దిగుబడి మాత్రం తగ్గదు. ఒక్క పూత సమయంలో నీళ్ళు నిలిపితే చాలు. రెండో పంటకు ఈ సంఘం సరేనంటే కొండల మధ్య ఉన్న ఈ లోయలో ఇదే మొదటిది అవుతుంది. ఇదీ ఆయన చెప్పింది.

రామచంద్రన్‌కు వరసకు బావమరిది అయ్యే కల్యాణసుందరం లేచి నిలబడ్డాడు. "ఈ రోజు ఆరబెట్టమంటాడు. రేపు, ఆరినా పండుతాండాది గదా, మీకెందుకు నీళ్ళు అని కాలవ మూస్తాడు. ఏం బావా, నే చెప్పేది తప్పా?"

తప్పు కాదని అక్కడ చాలామంది తలలు ఊగాయి. అందరూ రామచంద్రన్ వైపు చూశారు. ఆయన సరే అంటే సరే. కాదంటే కాదు.

ఆయన పుస్తకం ఎత్తి చూపించాడు. "గాలి సంగతి వదులు. మడిలో కాలు పెడితే బుడగలు వచ్చేది నాకూ తెలుసు. దిగుబడి తగ్గదని రాసుండారే, ఎవురు చెప్పినారు?"

"సైంటిస్టులు" అన్నాడు ఆఫీసరు.

"ఏ సైంటిస్టు? ఊరూ పేరూ లేదా?"

"అయ్యా, గవర్మెంటే చెప్పినాక ఇంకేం కావాల?" అని ఆఫీసరు నవ్వాడు.

ఆ నవ్వుతోనే పని చెడింది. ఇల్లు చేరేదాకా రామచంద్రన్ ఆ పుస్తకాన్నే అటూ ఇటూ తిప్పుతూ నడిచాడు. చేరాక పుస్తకం మాలిని చేతిలో పెట్టి, దిగుబడి తగ్గదన్న వాక్యం మీద వేలు ఆనించాడు. వాక్యం చివర, కాస్త పైకి, చీమ తలంత అంకె ఒకటి ఉంది.

"ఇదేంది?"

"ఆ మాట యాడ తెచ్చుకున్నారో చెప్పే గుర్తు మామా. ఆ అంకె పట్టుకుని చివరి పేజీలో చూస్తే తెలుస్తాది."

ముసలాయన ముఖం వెలిగింది. ఆయన తండ్రి కాలంలో ఇంట్లో పత్తి వ్యాపారం ఉండేది. ప్రతి మూట మీదా ఒక గుర్తు ఉండేది. పత్తిలో గింజో రాయో కనపడితే ఆ గుర్తు పట్టుకుని పోతే ఏ ఊరి మూటో, ఎవడి చెయ్యో దొరికిపోయేది. "అట్ల చెప్పు. మూట మీద గుర్తు ఇది. అయితే విప్పుదాం" అన్నాడు.

విప్పడం అనుకున్నంత సులభంగా జరగలేదు. చివరి పేజీ ఢిల్లీలో అచ్చయిన ఒక లావుపాటి నివేదిక పేరు చెప్పింది. మాలిని దాన్ని ఫోనులో వెతికి పట్టుకుంది. మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని ఆమె చదవడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం. నివేదికలో ఆ వాక్యం కింద ఒక పట్టిక ఉంది. దేశంలో ఏ రకం మడి ఎంత గాలి వదులుతుంది, ఎలా తడిపితే ఎంత తగ్గుతుంది అని లెక్క కట్టే పట్టిక. దాని అడుగున మళ్ళీ చీమ తలకాయలు. గాలి తగ్గుతుందన్న మాటకు ఎక్కడెక్కడివో పరిశోధనలు చాలా ఉన్నాయి. దిగుబడి మాటకూ బయటి ఊళ్ళవి ఉన్నాయి. ఈ లోయ మట్టికి, ఈ కాలవ నీటికి మాత్రం ఒక్కటే అంకె. ఆ అంకె ఒక పత్రిక వ్యాసానికి చేర్చింది. ఆ వ్యాసం ఇంకెవరి పనినో చూడమంది.

"పెండ్లింట్లో చెప్పులు పోయినట్టుండాదే. అడిగినోడల్లా పక్కోడి పక్కకి చెయ్యి చూపిస్తాండాడు" అన్నాడు రామచంద్రన్.

"ఆపేద్దామా మామా?"

"ఎందుకు ఆపేది? చెప్పులు ఎవురి కాళ్ళకైనా ఉండి తీరాలి గదా."

చివరికి కోయంబత్తూరులో ఒక విద్యార్థి డాక్టరు పట్టా కోసం రాసిన పుస్తకం దొరికింది. ఇక దాని తర్వాత గుర్తులు లేవు. అది చేత్తో కొలిచిన లెక్క. మాలిని పని జరిగిన చోటు గురించిన పేజీ తీసి, ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పసాగింది. "తేని జిల్లా. చిన్నమనూరు. పెరియారు నది నీళ్ళు పారే మడి. పక్కపక్కన రెండు మళ్ళు. ఒకటి ఎప్పుడూ నీళ్ళల్లో, ఒకటి ఆరబెట్టి తడిపేది. మడి ఇచ్చిన రైతు…"

ఆమె ఆగిపోయింది.

"ఏం? కన్ను నొస్తాండాదా?"

"మడి ఇచ్చిన రైతు ఆర్. గోవిందమ్మాళ్."

రామచంద్రన్ కళ్ళు తెరిచాడు. చాలాసేపు హాల్లో ఫోటో వైపే చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. తాను బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగి, మదురైలో నెలల తరబడి మంచం మీద ఉన్న ఏడు. ఆ పంటంతా గోవిందమ్మాళ్ చేతిలోనే నడిచింది. ఒక పిల్లోడు వచ్చి మన మడిలో గాలి పట్టే పెట్టెలు బోర్లిస్తాండాడు అని ఆమె ఫోనులో చెప్పింది. ఏ ఎరువుల కంపెనీవాడో మోసగించడానికి వచ్చుంటాడు, తరిమెయ్యి అన్నాడు ఈయన. "మనోళ్ళ పిల్లోడే. గెనిమ గట్టు మీద కూర్చుని ఫోనులో వాళ్ళమ్మతో తెలుగులో మాట్లాడతాండాడు. తిన్నావా అని అడిగితే లేదన్నాడు" అంది ఆమె. తిండి తినని తెలుగు పిల్లవాడిని తరిమే మనిషి కాదు ఆమె. ఈయన కర్ర పట్టుకుని ఇల్లు చేరేనాటికి కోతలు అయిపోయాయి, పెట్టెలూ లేవు.

మాలిని సంతోషపడింది. ఇంత దూరం వెతికి మన మడికే వచ్చాం, ఇంతకంటే నమ్మకమైన చోటు ఏముంటుంది అని ఆమె లెక్క. మామగారి ముఖం చూసేసరికి ఆ సంతోషం నిలవలేదు.

"నీకు మీ అత్త తెలీదు" అన్నాడాయన. "పైరు పొట్టకొచ్చిందంటే ఆమెకు అది చూలాలు. చూలు పైరుని దప్పితో ఉంచితే ఇంటికి అచ్చిరాదు అనేది. వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళవ్వ చెప్పింది. ఆ దినాల్లో మడి ఎండిందంటే ఆమెకు గొంతులో ముద్ద దిగదు. ఏ సైంటిస్టు వద్దన్నా, ఎవురూ చూడనప్పుడు మడవ తీసి నీళ్ళు వదిలేసుంటాది."

మాలినికి అప్పుడు అర్థమైంది. పూతలో నీళ్ళు నిలపమని వాళ్ళే రాశారు. గొడవంతా దానికి కాస్త ముందు, పొట్ట దశలో. ఆరబెట్టవలసిన మడిని అత్తగారు దొంగతనంగా తడిపి ఉంటే, దిగుబడి తగ్గలేదన్న మాటకు అర్థమే లేదు. తగ్గకుండా కాపాడింది ఆమె నీళ్ళు. ఆ సంగతి తెలియక ఒక విద్యార్థి రాశాడు, వాడిని చూసి వ్యాసం రాసింది, దాన్ని చూసి పట్టిక రాసింది, పట్టికను చూసి ఢిల్లీ రాసింది. ఇప్పుడు ఊరంతా మళ్ళు ఆరబెట్టి నష్టపోతే, దానికి మూలం ఈ ఇంటి ఇల్లాలు.

సంఘానికి సరే అని చెబితే మోసం. కాదని చెబితే ఎందుకని అడుగుతారు. చెప్పాలంటే పోయిన మనిషిని పదిమందిలో నిలబెట్టాలి. రామచంద్రన్ ఆ రాత్రి భోజనం వద్దన్నాడు. అందరినీ అనుమానించిన మనిషి, తన ఇంట్లో మాత్రం ఎన్నడూ ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.

వారం తిరక్కుండా మామా కోడలూ కోయంబత్తూరు బస్సెక్కారు. దిండిగల్‌లో బస్సు ఆగినప్పుడు బిర్యానీ వాసనకు మాలిని నోరూరింది. "అది మేకేనని తోక చూడనిది నే తినను" అని ఆయన ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పాడు.

ఆ విద్యార్థి పేరు వసంత్. ఇప్పుడు ఒక కాలేజీలో ప్రొఫెసరు. సొంతూరు అవినాశి పక్కనే అని తెలిసి మాలినికి కాస్త ధైర్యం వచ్చింది. గోవిందమ్మాళ్ పేరు చెప్పగానే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె పోయిందని విని కాసేపు కిటికీ వైపు తిరిగాడు.

"అవ్వ చేతి అన్నం తినే ఆ పుస్తకం రాసినాను తాతా" అన్నాడు.

"అదే నా బయం" అన్నాడు రామచంద్రన్. "నిజం చెప్పు. పైరు పొట్టలో ఉన్నప్పుడు ఆమె మడవ తీసిందా లేదా?"

వసంత్ నవ్వలేదు. "తీస్తానని వచ్చింది తాతా. చాటుగా కాదు, నా దగ్గరికే వచ్చింది. చూలాలిని ఎండబెడతావా, నువ్వు మనిషివేనా అని నన్ను తిట్టింది. కాళ్ళు పట్టుకున్నాను. నా చదువు పోతాది అవ్వా అన్నాను. ఆమె పోనూ లేదు, ఒప్పుకోనూ లేదు. ఆఖరుకి బేరం కుదిరింది. గెనిమ పక్క వరసకి బిందెడు నీళ్ళు పోసుకుంటాను, అంతే అనింది. సరే అన్నాను."

"ఆ వరస మడిలోది కాదా?"

"మడిలోదే. కానీ లెక్కలోది కాదు. గెనిమ పక్క వరసలకి గాలి ఎక్కువ, వెలుతురు ఎక్కువ. అవి ఎప్పుడూ గొప్పలు చెప్తాయి తాతా. వాటి మాట మేం నమ్మం. ఏ పరిశోధనలోనైనా వాటిని ముందే కోసి పక్కన పడేసి, లోపలి పైరునే తూస్తాం. గాలి పెట్టెలు కూడా లోపలే బోర్లించినాము."

రామచంద్రన్ కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "సరే. బిందెడే పోస్తానని చెప్పింది. నువ్వు అటు పోయినాక మడవ తియ్యలేదని ఏంటి ఆధారం? ఆమె మాటేనా?"

వసంత్ ఇబ్బందిగా మాలిని వైపు చూశాడు.

"ఆమెను అడగండి, నన్ను అడగండి అని నేను చెప్పను తాతా. మడి మధ్యలో చిల్లుల గొట్టం ఒకటి పాతి ఉండేది. అందులో నీళ్ళు ఎంత కిందికి దిగినాయో రోజూ పొద్దున్నే చూసి రాసుకునేవాణ్ణి. ఎవురైనా మడవ తీసుంటే గొట్టంలో నీళ్ళు పైకి రావాల. రాలేదు."

"అంటే నా పెండ్లాన్ని నువ్వు నమ్మలేదు."

"లేదు తాతా."

"అన్నం పెట్టిన మనిషిని."

"నమ్మలేదు" అన్నాడు వసంత్, తలవంచుకుని.

రామచంద్రన్ నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేదాకా, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. మామగారు అలా నవ్వగా మాలిని అంతకుముందు చూడలేదు. "మంచిది. ఇదిగో చూడమ్మా, నాకన్నా సందేగం మనిషి ఉండాడు లోకంలో" అన్నాడు.

అయినా నమ్మాడని కాదు. తిరుగు బస్సులో దిండిగల్ చేరకముందే నవ్వు ఇంకిపోయింది. "వాడు మంచోడే. కానీ గొట్టం చూసింది వాడే, రాసుకున్నది వాడే" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. ఊరు చేరాక సంఘాన్ని కూడేసి చెప్పాడు. "ఈ పంట నా మడిలో చేస్తా. పక్కపక్కన రెండు మళ్ళు. కోత దాకా ఎవురూ సరే అనొద్దు, కాదు అనొద్దు."

"బావ మారిపోయినాడు. ఆఫీసరు మందు పెట్టినాడు" అన్నాడు కల్యాణసుందరం.

"మందు పెట్టేది నీళ్ళల్లోనే గదా. గొట్టం పెడతాను, నువ్వే వచ్చి చూసుకో."

నాట్లు పడ్డాయి. వసంత్ ఒకసారి వచ్చి చిల్లుల గొట్టం పాతి, రెండు బెత్తెల లోతుకు నీళ్ళు దిగినప్పుడే తడపాలని గుర్తు పెట్టి వెళ్ళాడు. ఆ పంటంతా రామచంద్రన్ ఆ గొట్టం చుట్టూ తిరిగాడు. పొద్దున్నే పుల్ల దించి చూసేవాడు. పుల్ల అబద్ధం చెబుతుందేమోనని వేలు పెట్టి చూసేవాడు. ఇంటికొచ్చి మాలినిని పంపేవాడు, తాను ఏం చూశాడో ముందుగా చెప్పకుండా. ఆమె చెప్పింది తాను చూసినదానితో సరిపోతే గొంతులోనే ఒక శబ్దం చేసేవాడు. ఆరిన మడి బీటలు తియ్యడం మొదలైనప్పుడు మాత్రం చూడలేక తల తిప్పుకునేవాడని, ఆ మళ్ళకు నీళ్ళు కట్టే వేలుసామి తర్వాత చెప్పాడు.

మాసి నెలలో, చలి తగ్గే వేళకు, పైరు పొట్టకొచ్చింది. అప్పుడే ఆయన పోయాడు.

మర్నాటినుంచే, కర్మలు కూడా కాకముందే, గొట్టం చూసే పని మాలిని మీద పడింది. రాజ్‌మోహన్ వద్దన్నాడు. ఇంట్లో మనిషే పోయాక ఈ పరీక్షలు ఎవరికి అన్నాడు. "సంఘానికి మాట ఇచ్చింది మామ. మీరు కాదు" అంది ఆమె. రోజూ పొద్దున్నే వెళ్ళి పుల్ల దించింది. మామగారి అలవాటే అబ్బిందో ఏమో, వేలు కూడా పెట్టింది. పూతకు నీళ్ళు నిలిపారు. కోత నాటికి వసంత్ ఫోను చేసి గుర్తు చేసినట్టే, రెండు మళ్ళలోనూ గట్టు పక్క వరసలు ముందుగా కోయించి, కట్టలు వేరుగా పడేయించింది. మంచి కంకులు పక్కన పెట్టేస్తున్నారని కూలీలు ఆడిపోసుకున్నారు. లోపలి ధాన్యం కల్యాణసుందరం కళ్ళముందే తూకం వేయించింది. ఆరబెట్టిన మడిలో కాస్త తక్కువ వచ్చింది. ఎంత తక్కువంటే, ఆ తక్కువను ఒక మనిషి చంకన పెట్టుకుని ఇంటికి పోవచ్చు.

సంఘం కూటంలో మామగారి చోట నిలబడి ఆమె ఆ మాట చెప్పింది. కల్యాణసుందరం వెంటనే లేచాడు. "తూకం చూసినాను, కాదనను. కానీ బావ పోయినాడు, ఇల్లంతా ఏడుపులో ఉండారు. పొట్ట దినాల్లో ఆ మడికి ఎవురూ నీళ్ళు వదల్లేదని ఏంటి ఆధారం?"

"గొట్టం చూసినాను సిన్నాయనా. రోజూ చూసినాను. మామ ఉన్నప్పుడు ఆయన చూసినాడు. ఆ మడిలో ఒక్క చుక్క కూడా పడలేదు."

ఆమె గొంతు తొణకలేదు. కల్యాణసుందరం కూర్చున్నాడు. సంఘం పూర్తిగా సరే అనలేదు. కొందరు తమ తమ మళ్ళలో ఒక్కో పంట చేసి చూస్తామన్నారు. ఎవరి గొట్టం వాళ్ళే చూసుకోవాలి, నీళ్ళు మిగిలినా కాలవ వంతు తగ్గించబోమని ఆఫీసరు సంతకం పెట్టి ఇవ్వాలి అని తీర్మానం రాసుకున్నారు. రామచంద్రన్ ఉన్నా అంతకంటే ముందుకు పోయేవాడు కాదు.

తర్వాత కొన్నాళ్ళకు మాలిని మామగారి వస్తువులు తీసి సర్దుతూ, కర్ర, కండువాలు, టిఫిన్ డబ్బా వేలుసామికి ఇవ్వబోయింది. వేలుసామి కర్ర తీసుకున్నాడు. డబ్బాను రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"అమ్మ చేసినట్టే చేసి పోయినాడు అయ్య" అన్నాడు తమిళంలో.

"ఏ అమ్మ? అత్తమ్మా? ఏం చేసినాడు?"

వేలుసామి ఆశ్చర్యంగా చూశాడు. ఆమెకు తెలుసుననే అతను అనుకున్నాడు. ఆ పొద్దున అయ్య ఈ డబ్బాతో మడికి వచ్చాడు. కాలవలో బిందె ముంచుకుని, ఆరబెట్టిన మడి గట్టు మీద నిలబడి పోశాడు.

మాలిని చేతిలోని కండువాలు కింద పెట్టింది. ఒక్క చుక్క కూడా పడలేదని సంఘంలో చెప్పింది తనే. "యాడ పోసినాడు? మడి లోపలా?"

"లేదమ్మా. గట్టు పక్క వరసకే. అమ్మ పోసేది కూడా ఆడనే. పోసి, గొంతుక్కూర్చుని, ఆ నీళ్ళు ఎంత దూరం పాకుతాయో చూస్తా ఉన్నాడు. లోపలికి పోలేదు, ఆడనే ఇంకిపోయినాయి. తర్వాత మడి మధ్యకు పోయి గొట్టంలో వేలు పెట్టి చూసినాడు. వేలు తుడుచుకుని వచ్చినాడు."

మొక్కుకున్నాడో, పరీక్షించాడో ఆమెకు తెలియలేదు. వేలుసామిని అడిగితే అతనికీ తెలియదు.

"మరి చిత్రాన్నం?" అంది. "తొందరగా తినేసి వచ్చినాడా?"

వేలుసామి డబ్బా మూత తీసి లోపలికి చూశాడు, ఇంకా ఏదో ఉన్నట్టు.

"అయ్య యాడ తిన్నాడమ్మా? ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోలేదు. చూలు పైరుకి నిమ్మకాయ అన్నమే కావాలంట, అమ్మ ఎప్పుడూ అదే తెచ్చేది. డబ్బాలోది అంతా ఆ వరస పొడుగునా పిడికిలి పిడికిలిగా పెట్టి వచ్చినాడు."